ఏడుపొచ్చిందా, ఏడుస్తున్నావా?

బెంగళూరు మారతహళ్లిలో మేముండే అపార్ట్‌మెంట్ లిఫ్టులో మొన్నొక సాయంత్రం ఐదుగురం ఇరుక్కుని ఉన్నాం. అందులో నాలుగేళ్ల పిల్లవాడొకడు, దొర్లడానికి చోటు లేక నిలబడే ఏడుస్తున్నాడు. కింద పార్కులో ఉయ్యాల వంతు రాకముందే లాక్కొచ్చేసిందట వాళ్లమ్మ. ఆవిడ ముందు వాడి వైపు చూడలేదు. మా మొహాలు చూసింది. ఆ తర్వాత వంగి, "యూజ్ యువర్ వర్డ్స్, కన్నా" అంది. వాడు ఇంకో శ్రుతి పెంచాడు. ఆరో అంతస్తులో తలుపు తెరుచుకుంది, ఇద్దరూ దిగారు. తలుపు మూసుకుపోతుండగా లోపలికి వినబడిన మాట వేరు: "ఏంట్రా నాన్నా, అంత ఏడుపొచ్చిందా?"

అదే అమ్మ, అదే ఏడుపు. మధ్యలో పది సెకన్లు. ఆ పది సెకన్లలో ఆవిడకు ఓపిక ఉన్నట్టుండి పెరిగిందనుకోను. వినేవాళ్లు తగ్గారు, అంతే.

చిన్నపిల్లలతో వాళ్ల కోపతాపాల గురించి ఎలా మాట్లాడాలన్న సలహాలు ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, గుప్పెళ్లకొద్దీ దొరుకుతాయి. అన్నీ తల్లికే. పేరు పెట్టి పిలవండి, కళ్లలోకి చూడండి, తిట్టకండి. ఈ సలహాల వెనుక ఒక నమ్మకం దాక్కుని ఉంది. తల్లి నోటి నుంచి వచ్చే మాట తల్లి ఎంచుకున్నదేనని. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. ఏ భాషలో మాట్లాడుతోంది, ఆ గదిలో ఇంకెవరున్నారు, ఎదురుగా ఉన్నది ఆడపిల్లా మగపిల్లాడా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయింది, ఆవిడ చిన్నప్పుడు ఏడిస్తే ఇంట్లో ఏమన్నారు, ఇవన్నీ కలిసి ఆ వాక్యాన్ని తయారుచేస్తాయి. వీటన్నిటిలో మనం అతి తక్కువగా పట్టించుకునేది, అన్నిటికంటే బలమైనది, ఎవరు వింటున్నారన్నదేనని నా వాదన.

అసలు ఈ మాటలకు ఇంత పట్టింపు ఎందుకు? 1980ల్లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జూడీ డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె బృందం తల్లుల్ని ల్యాబుకి పిలవకుండా తామే ఇళ్లకు వెళ్లి కూర్చున్నారు. తల్లి పని చేసుకుంటూ ఉండగా, పిల్లలు కాళ్లకు అడ్డం పడుతూ ఉండగా జరిగే మామూలు మాటలే వాళ్లకు కావలసినవి. పిల్లలకు 18 నెలలప్పుడు ఒకసారి, రెండేళ్లప్పుడు మరోసారి గమనించారు. 1987లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం 18 నెలల ఆడపిల్లలతో తల్లులు భావాల ఊసు ఎక్కువ ఎత్తారు. రెండేళ్లు వచ్చేసరికి ఆ ఆడపిల్లలే మగపిల్లల కంటే ఎక్కువగా అలాంటి మాటలు ఆడుతున్నారు. 1991లో డన్, ఆమె సహచరులు ఇంకో ముక్క కలిపారు. మూడేళ్ల వయసులో ఇంట్లో ఈ రకం మాటలు ఎక్కువగా నడిచిన పిల్లలు, ఆరేళ్లకు ఎదుటివాళ్ల మనసులో ఏముందో మెరుగ్గా పట్టుకోగలిగారు. వాళ్లు మాటకారి పిల్లలు కాబట్టి అలా వచ్చిందేమో అనే అనుమానాన్ని లెక్కలోంచి తీసేసినా ఆ సంబంధం నిలిచింది. ఇది కారణమేనని రుజువు కాదు. కానీ కొట్టిపారేసేదీ కాదు.

వంటింటి కబుర్లలో కొట్టుకుపోయే "భయమేసిందా?", "అన్నకి బాధేసింది చూడు" లాంటి రెండు మూడు పదాల వాక్యాలే ఇక్కడ సరుకంతా.

ఇప్పుడు మన సంగతి. తెలుగులో ఒక వెసులుబాటు ఉంది, వాడుకుంటూనే గమనించం. మనకు కోపం వస్తుంది. భయం వేస్తుంది, సిగ్గేస్తుంది, జాలేస్తుంది, నవ్వొస్తుంది. మనిషి అక్కడ "నేను" కాదు, "నాకు". ఆకలి, దాహం, నిద్ర ఎలా వస్తాయో కోపమూ అలాగే బయటి నుంచి వచ్చి కూర్చుంటుంది. పిల్లని "కోపమొచ్చిందా?" అని అడిగితే నేరం పిల్ల మీద లేదు, వచ్చినదాని మీద ఉంది. "నా మీద కోప్పడుతున్నావా?" అంటే అది పిల్ల చేస్తున్న పని అయిపోయింది. "ఏడుపొచ్చిందా?" పలకరింపు. "ఎందుకేడుస్తున్నావ్?" సంజాయిషీ. ఒకే తల్లి ఒకే పూట రెండూ వాడుతుంది, ఎప్పుడు ఏది వాడిందో వింటే ఆ పూట ఎలా గడిచిందో చెప్పేయొచ్చు. దీన్ని బట్టి తెలుగువాళ్ల కోపమే వేరు అనేంత సాహసం చేయను. కన్నడంలోనూ "కోప బంతు" అనే అంటారు, తమిళంలోనూ "కోబం వందదు" అనే అంటారు. ఇంగ్లీషులో మాత్రం మనిషే కోపం అయిపోతాడు: "ఐ యామ్ యాంగ్రీ".

పదాల సంగతి ఇంకా తమాషా. పిల్లల మనసు గురించి తెలుగులో ఉన్న పదాలు నాకు రెండు కుప్పలుగా కనిపిస్తాయి. ఒక కుప్పలో మారాం, పేచీ, మంకు, గునవడం. ఇవి పిల్లకి ఏమనిపిస్తోందో చెప్పవు, పెద్దవాళ్లకు ఎంత విసుగ్గా ఉందో చెబుతాయి. రెండో కుప్పలో అలక, బెంగ, గారం, ఉక్రోషం. ఇవి ఒంటరిగా నిలబడే భావాలు కావు, ఇద్దరి మధ్య ఉండేవి. బతిమాలేవాళ్లు ఉంటేనే అలక. ఎవరి మీదో ప్రాణం ఉంటేనే బెంగ. మా అమ్మ అనంతపురం నుంచి వచ్చి రెండు నెలలుండి వెళ్లిపోయాక మా అమ్మాయికి ఒళ్లు వెచ్చబడింది. ఫోనులో చెబితే, "నా మీద బెంగ పెట్టుకుందే" అంది అమ్మ. రోగం, కారణం, కారకురాలు, మందు, నాలుగూ ఒక్క మాటలో. (పారాసిటమాల్ కూడా వేశాను లెండి.)

అదే పిల్ల చదివిన ప్రీస్కూల్లో గోడకి ఆరు పసుపుపచ్చ గుండ్రటి మొహాలు అతికించి ఉండేవి. హ్యాపీ, శాడ్, యాంగ్రీ, స్కేర్డ్ వగైరా. పొద్దున్నే వెళ్లి తన మొహం ఏదో వేలు పెట్టి చూపించాలి. అవ్వ వెళ్లిపోయిన మర్నాడు మా అమ్మాయి "శాడ్" చూపించిందట, టీచరు మెచ్చుకుని స్టిక్కరిచ్చింది. తప్పేం లేదు. అయితే దిగులు, బెంగ, చిన్నబోవడం, ఉక్రోషం అన్నీ ఆ ఒక్క శాడ్ మొహంలోకే సర్దుకోవాలి. మధ్యాహ్నాలు పిల్లను చూసుకునే ఆయమ్మది మండ్య జిల్లా మళవళ్లి వైపు. ఆమె దగ్గర నుంచి వచ్చింది ఇంకో మాట: బేజారు. మన దగ్గర బేజారంటే విసుగెత్తిపోవడం. బెంగళూరు కన్నడంలో అది దిగులు, నొచ్చుకోవడం, బోర్ కొట్టడం అన్నీ. "బేజారు మాడ్కోబేడ పుట్టా" (దిగులు పెట్టుకోకు బుజ్జీ) అని ఆమె ఒళ్లో కూర్చోబెట్టుకుంటే పిల్ల ఏడుపు ఆగిపోతుంది. ఇప్పుడు మా ఇంట్లో బేజారు తెలుగు పదమే.

ఇక్కడి తెలుగు తల్లులు, ముఖ్యంగా ఉద్యోగాలు చేసే మాలాంటివాళ్లు, పిల్లల మనసు గురించి మాట్లాడాల్సి వస్తే ఇంగ్లీషులోకి దూకడం నాకు చాలాకాలం షోకు అనిపించేది. పూర్తిగా కాదని తర్వాత తెలిసింది. కేథరిన్ హారిస్, ఆమె సహచరులు 2003లో అచ్చువేసిన ఒక ప్రయోగంలో, టర్కిష్ మాతృభాషగా పెరిగి తర్వాత ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లకు రెండు భాషల్లోనూ కొన్ని మాటలు వినిపించి, చర్మం మీద చెమట వల్ల వచ్చే విద్యుత్ మార్పును కొలిచారు. చిన్నప్పుడు పెద్దవాళ్లు మందలించే "సిగ్గులేదూ" తరహా మాటలు మాతృభాషలో వింటే ఒళ్లు గట్టిగా స్పందించింది. అవే ఇంగ్లీషులో అంతగా తగల్లేదు. మనకూ అంతే కదా. "యూ షుడ్ బీ అషేమ్డ్" చెవి దాకా వస్తుంది. "ఛీ, సిగ్గులేదూ" వెన్నులోకి వెళుతుంది.

అంటే తల్లి ఇంగ్లీషులోకి వెళ్లడం ఒక్కోసారి బ్రేకు వేసుకోవడం. నాకు కోపం ముదిరేకొద్దీ ఇంగ్లీషు శుభ్రంగా వస్తుంది. "లిసన్ టు మి. వుయ్ డోంట్ త్రో థింగ్స్." తెలుగులో అయితే ఆ వాక్యం మొదలయ్యే తీరు వేరు, మా నాయనమ్మ గొంతుతో మొదలవుతుంది. నేను చాలా సంయమనంగా ఉన్నాననుకునేదాన్ని. ఒకరోజు నా మాట పూర్తవకముందే మా అమ్మాయి చెవులు మూసుకుని "అమ్మా, ఇంగ్లీషు వద్దు" అంది. ఇంగ్లీషంటే అమ్మకు కోపమొచ్చిందని అర్థమని దానికి ఎప్పుడో తెలిసిపోయింది. నేను పదాల్లో దాచింది భాష మార్చడంలో బయటపడింది.

ఇక వినేవాళ్ల సంగతి. మా అమ్మ ఒకసారి మామూలుగా, కూర తరుగుతూ అన్న మాట ఇది: "మీ నాయనమ్మ ముందు నిన్ను ముద్దుచేసేదాన్ని కాదు. బాగుండేది కాదు." ఉమ్మడి ఇంట్లో కోడలు తన బిడ్డను అందరి ఎదుట ఎత్తుకుని మురిసిపోతే ఎబ్బెట్టు. మురిపెం ఎక్కువైతే దిష్టి. తమిళనాడులో ఒక కుటుంబంతో కలిసి ఉండి వాళ్ల ప్రేమాభిమానాల గురించి రాసిన అమెరికన్ మానవ శాస్త్రవేత్త మార్గరెట్ ట్రావిక్ కూడా ఇదే గమనించారు. తల్లి ప్రేమ ఎంత గొప్పదో అంత దాచుకోవలసినది. బయటివాళ్లకు అది చల్లదనంలా కనబడవచ్చు. లోపలివాళ్లకు అది రక్షణ.

ఏ భావాన్ని పలకరించాలి, దేన్ని పట్టించుకోకుండా వదిలేయాలి అన్నది ఊరూ కులమూ మారితే ఎంత తిరగబడుతుందో నేపాల్‌లో పామెలా కోల్ బృందం 2006లో చూపించింది. తమాంగ్ అనే జాతి కుటుంబాల్లో చిన్నపిల్ల కోప్పడితే పెద్దవాళ్లు మందలించారు, సిగ్గుపడితే దగ్గరకు తీసి ఓదార్చారు. బ్రాహ్మణ కుటుంబాల్లో కోప్పడితే నచ్చజెప్పారు, లొంగిపోయారు, సిగ్గుపడితే ఊరుకున్నారు. రెండూ ఒకే దేశంలోని పల్లెలు. ఎవరి పిల్ల రేపు ఎలాంటి మనుషుల మధ్య బతకాలో దానికి తగ్గట్టే మాటలు నడిచాయి. చీ వాంగ్ 2001లో అమెరికన్, చైనీస్ తల్లులు మూడేళ్ల పిల్లలతో జరిగిపోయిన సంగతులు ఎలా గుర్తుచేసుకుంటారో పోల్చారు. అమెరికన్ తల్లులు "ఎందుకు కోపమొచ్చింది?" అంటూ కారణం తవ్వారు. చైనీస్ తల్లులు ఆ సంఘటన నుంచి ఎలా నడుచుకోవాలో చెప్పే వైపు వెళ్లారు. రెండో పద్ధతి చదివినప్పుడు నాకు మా ఇల్లు కనబడింది. "సరే, కోపమొచ్చింది. వస్తే? చెల్లిని కొడతారా?"

గుజరాత్‌లో వైశాలి రావల్, ఆమె సహచరులు చేసిన పని మనకింకా దగ్గర. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో అక్కడి తల్లులకు పిల్లల కోపం, దిగులు కంటే ఒంటి నొప్పి ఎక్కువ ఒప్పుకోదగినదిగా అనిపించింది. ఇది చదివాక మన ఇళ్లలో పిల్లలకు స్కూలుకి వెళ్లే పొద్దున కడుపునొప్పి ఎందుకొస్తుందో కొత్తగా అర్థమైంది. నొప్పి చెప్తే ఒళ్లో చోటు దొరుకుతుంది, దిగులు చెప్తే ఉపన్యాసం దొరుకుతుంది. ఏది చెప్పాలో నాలుగేళ్ల పిల్లకి తెలియదా? దెబ్బ తగిలితే మనం ఏం చేస్తామో కూడా చూడండి. "నేల కొట్టిందా నాన్నా? దాన్ని కొట్టేద్దాం" అని నేలని చరుస్తాం. ఇలా చేస్తే పిల్లలు తమ తప్పు ఒప్పుకోవడం నేర్చుకోరని ఒక వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చ నడిచింది. నాకైతే ఆ చరవడంలో న్యాయం కంటే నాటకం కనిపిస్తుంది. పిల్ల ఏడుస్తూనే నేల వైపు ఆసక్తిగా చూస్తుంది, నేలకి నొప్పెట్టిందేమోనని. తల్లీపిల్లా ఒక పక్షం అయ్యారు. అది చిన్న విషయం కాదు.

వినేవాళ్లు మారితే మాట మారుతుందన్నది పాతదే, వినేవాళ్లు కొత్తవాళ్లు. అప్పట్లో అత్తగారు, ఆడపడుచు, పక్కింటి పిన్ని. "అందరూ చూస్తున్నారు, ఛీ" అన్న మాట ఆ కొలువు నుంచి వచ్చింది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ లిఫ్టు, స్కూలు గేటు, పుట్టినరోజు పార్టీ హాలు. ఇక్కడ ఛీ అంటే తల్లికే చెడ్డపేరు. ఇక్కడి కొలువు తల్లి నుంచి కోరేది తొణకని గొంతు, మోకాళ్ల మీద కూర్చోవడం, ఇంగ్లీషు. తీరు మారింది కానీ పరీక్ష తల్లికే. లిఫ్టులో ఆవిడ మా మొహాలు చూడటం మా నాయనమ్మ ముందు మా అమ్మ నన్ను దించేయడం లాంటిదే. అత్తయ్య వచ్చి ఉన్న నెలల్లో అయితే రెండు కొలువులూ ఒకే హాల్లో కూర్చుంటాయి. "పిల్లని అంత బతిమాలతావేం?" అని ఒకరు, "వ్యాలిడేట్ చెయ్యాలి, పిల్ల బాధని ఒప్పుకోవాలి" అని ఫోను.

ఆడ, మగ తేడా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మన సామెతే చెప్పేసింది: నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదని. అమెరికాలో రాబిన్ ఫివుష్ 1989లో చూసినదీ ఆ పరిసరాల్లోనే ఉంది. రెండున్నర మూడేళ్ల పిల్లలతో పాత సంగతులు మాట్లాడుతూ తల్లులు కోపం ఊసు కొడుకులతోనే ఎత్తారు. కూతుళ్లతో ఎత్తలేదు. మనకు ఎదురుగా ఉన్న పిల్లకి కోపం వస్తోందని తెలిసినా "అలిగావా?" అంటాం, తమ్ముడికి అదే వస్తే "వీడికి కోపమెక్కువ" అని కొంచెం గర్వంగా చెప్పుకుంటాం. అలక ముద్దుగా ఉంటుంది. కోపానికి బరువుంటుంది.

పిల్లల స్వభావం కూడా తల్లి మాటను మలుస్తుంది, ఇది తల్లుల్ని తప్పుపట్టేవాళ్లు మరిచిపోతారు. ఊరికే ఉలిక్కిపడే పిల్లతో తల్లి రోజుకు ఇరవైసార్లు భయం గురించే మాట్లాడుతుంది. దేనికీ చలించని పిల్లవాడికి "భయమేసిందా?" అంటే వాడు వింతగా చూస్తాడు.

తర్వాత అలసట. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టేవారు, మగవాళ్లు 97. 2017లో సవరించిన చట్టంతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది, మంచిదే. కానీ డన్ బృందం గమనించిన ఆ మాటల వయసు ఏడాదిన్నర దగ్గర మొదలవుతుంది. అప్పటికి తల్లి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉంటుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పే ఏడు గంటలకూ పిల్ల నిద్రపోయే తొమ్మిదికీ మధ్య అన్నం, స్నానం, డైరీ, రేపటి టిఫిన్‌కి పిండి. ఈ రెండు గంటల్లో "నీకు ఎందుకలా అనిపించింది?" అని అడగాలంటే జవాబు వినే టైముండాలి. నాలుగేళ్లవాళ్ల జవాబులు పొడుగు.

అలసట దాటి మనసే కుంగిపోయిన తల్లి ఉంటుంది. ఎడ్వర్డ్ ట్రోనిక్ 1978లో వెలువరించిన ప్రయోగంలో తల్లులు కాసేపు ఏ కదలికా లేని మొహంతో పాపల ముందు కూర్చున్నారు. పాపలు ముందు నవ్వించాలని చూశారు, అది సాగక మొహం తిప్పుకున్నారు. పదం పుట్టకముందే సంభాషణ ఉందని, అది తెగితే పాపకు తెలుస్తుందని అందరికీ అర్థమైంది అక్కడే. ప్రసవం తర్వాత మనసు కుంగిన తల్లుల్ని బిడ్డతో కలిపి చేర్చుకునే వార్డు మన బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రిలో 2009 నుంచి ఉంది. "బాలింత కదా, అలాగే ఉంటుంది" అని ఇంట్లో సర్దేసే తెలుగువాళ్లు ఈ ఊళ్లో చాలామంది, ఆ వార్డు మాట విన్నవాళ్లు తక్కువ.

ఇంత చదివాక మీకొచ్చే అనుమానమే నాకూ వచ్చింది: ఈ పరిశోధనల్లో నాన్నలు ఎక్కడ? కొన్నిట్లో ఉన్నారు. ఎక్కువగా లేరు, ఎందుకంటే పరిశోధకులు తలుపు కొట్టినప్పుడు ఇంట్లో ఉన్నది తల్లి. ఆ తర్వాత ఆ ఫలితాల నుంచి వచ్చిన సలహాలూ ఆవిడ పేరనే వచ్చాయి. జాన్ గాట్‌మన్ బృందం 1996లో తల్లిదండ్రులిద్దరినీ కలిపే ఒక ప్రశ్న అడిగింది: నీ సొంత కోపం గురించి, నీ దిగులు గురించి నీకేమనిపిస్తుంది? పిల్లల కోపం దగ్గర మనం ఎలా ఉంటామన్నది దాన్ని బట్టి కూడా ఉంటుందని వాళ్లు చెప్పారు. మా ఆయనని ఒకసారి అడిగాను. చాలాసేపు ఆలోచించి, "చిన్నప్పుడు నేను అలిగితే మా నాన్న పేపరు చదువుకునేవాడు" అన్నాడు. తర్వాత పేపరు తీశాడు.

నాకు తెలిసినంతలో నాకూ మా అమ్మాయికీ ఎవరూ వినని చోటు ఒక్కటే ఉంది, స్కూటరు. వెనక కూర్చుని, నా నడుము పట్టుకుని, హెల్మెట్ నా వీపుకి ఆనించి మాట్లాడుతుంది మా అమ్మాయి. దాని మొహం నాకు కనబడదు, నాది దానికి కనబడదు. ట్యూషన్ ఆంటీ లేదు, అవ్వ లేదు, స్టిక్కర్లు లేవు. పోయిన వారం కె.ఆర్. పురం వెళ్లే దారిలో సిగ్నల్ పడింది, నూట పది సెకన్లు చూపిస్తోంది. వెనక నుంచి, "అమ్మా, ఆ రోజు స్టేజి మీద నాకు సిగ్గేయలేదు తెలుసా" అంది. ఏ రోజో నాకు తెలుసు. పాట మధ్యలో ఆపి ఏడ్చేసిన రోజు. మేమందరం "సిగ్గుపడింది పాపం" అని ఫోనుల్లో చెప్పుకున్న రోజు.

"మరేంటి?" అన్నాను.

"ఉక్రోషం. టీచర్ నా మైకు హర్షకి ఇచ్చేసింది."

ఇంకా డెబ్భై సెకన్లు ఉన్నాయి. ఇంజన్ ఆపేశాను.